పౌరుషం చూసి పుంజును ఉంచుకోకండి

పెరట్లో నాటుకోళ్ళు పెంచే అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు ఒక మనవి. ధనుర్మాసం వచ్చేసరికి చాలా ఇళ్ళ పెరళ్ళలో ఒకటే తంతు. ఆరేడు పెట్టలుంటాయి, వాటి వెంటపడే కుర్ర పుంజులు నాలుగైదుంటాయి. పెట్టల వీపున ఈకలు ఊడి ఎర్రటి చర్మం బయటపడుతుంది. నూకలు చల్లినా పెట్ట గూడు దిగి రాదు. పెరట్లోకి వెళ్ళిన పిల్లవాడి పిక్క మీద పుంజు ఎగిరి తంతుంది. అప్పుడు ఇంటాయన కర్ర పుచ్చుకుంటాడు, ఇంటావిడ ‘దీని జాతే అంత’ అంటుంది. జాతిని తిట్టేముందు మనం చేస్తున్న రెండు పనులు చూసుకోవాలి. పెట్టలకు సరిపోయే దానికన్నా ఎక్కువ పుంజుల్ని కలిపి ఉంచుతున్నాం. వాటిలో మళ్ళీ పొగరుబోతునే విత్తనానికి వదులుతున్నాం. ఈ రెండూ మార్చుకోమని అడగడానికే ఈ కరపత్రం.

ముందు లెక్క చూద్దాం. పెట్ట కింద పన్నెండు గుడ్లు పెడితే ఇరవై ఒక్క రోజులకు ఎనిమిదో తొమ్మిదో పిల్లలయ్యాయనుకోండి, వాటిలో సుమారు సగం పుంజులే. రెండు మూడు పెట్టలు పొదిగితే, గద్దకూ ముంగిసకూ పోగా మిగిలినవాటిలో ఐదారు పుంజులు తేలతాయి. పెరటికి కావలసింది మాత్రం ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు. ఉత్త గుడ్ల కోసమైతే ఆ ఒక్కటీ అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పిల్ల కాదు, అంతే. ఎదిగిన పుంజు రోజుకు సుమారు వంద గ్రాములు తింటుంది. ఐదు పుంజులకు నెలకు పదిహేను కిలోలు. అందులో కొంత పురుగూ పుట్రా ఏరుకున్నా, మిగిలింది మన నూకలూ తవుడే. ఊరి పెట్ట ఏడాదికి పెట్టేది యాభై అరవై గుడ్లు. భయంతో మేత మానేసిన పెట్ట అవీ పెట్టదు.

నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పుంజుపిల్ల ఒంట్లో మగ హార్మోను పొంగుతుంది. జుట్టు ఎర్రబడుతుంది, కూత నేర్చుకుంటుంది, నిన్నటిదాకా పక్కపక్కనే పడుకున్న తమ్ముడి మీదికి దూకుతుంది. నార్వే శాస్త్రవేత్త శ్యెల్డెరప్ ఎబ్బె 1920ల మొదట్లోనే కోళ్ళలో ఎవరు ఎవర్ని పొడవాలో చెప్పే వరస ఒకటి ఉంటుందని రాశాడు. ఆ వరస కుదిరాక గొడవ సద్దుమణుగుతుంది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో మరో ముచ్చట బయటపెట్టారు: తెల్లవారుజామున ముందు కూసేది గుంపులో పెద్ద పుంజే, మిగతావి దాని తర్వాత వరసగా అందుకుంటాయి. కోళ్ళకు మర్యాద తెలియదని ఇక ఎవరూ అనకూడదు. అయితే చిన్న పెరట్లో, కొద్ది పెట్టల మధ్య, నాలుగైదు పుంజులు ఒకేసారి వయసుకొస్తే ఆ వరస కుదురుకోదు. ఓడినది తప్పుకుపోవడానికి చోటుండదు. ఆ కసి పెట్టల మీద, పసిపిల్లల మీద తీరుతుంది. ఈడు పెట్టలకన్నా పుంజులు ముందే వయసుకొస్తాయి కాబట్టి లేత పెట్టలు మరీ నలిగిపోతాయి. ముదురు పెట్టలు ఉన్న గుంపులో కుర్ర పుంజుకు నాలుగు పోట్లు పడి కాస్త బుద్ధి వస్తుంది. ఆ పెద్దరికాన్ని అడ్డుకోవద్దు, పోట్లాట అనుకుని విడదీయొద్దు.

ఇక ఎంపిక. మన ఇళ్ళలో మెతక పుంజు ముందు కూరలోకి పోతుంది, లేదా సంతకు పోతుంది. ఎగిరి తన్నేదాన్ని ‘పౌరుషం ఉంది’ అని ఉంచుకుంటాం. మరుసటేడు పిల్లలకు అదే తండ్రి. కోపం తండ్రి నుంచి పిల్లకు దిగుతుందనడానికి వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు. కోడిపందేలనే చూడండి. పల్నాటి వీరుల కథలోనే కోడిపందెం ఉంది. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగు రంగుకూ పేరు పెట్టి, గెలిచినదాన్నే విత్తనానికి ఉంచుతూ వచ్చిన పందెగాళ్ళు తరతరాలుగా చేసింది ఎంపికే. అసిల్ జాతి పోట్లాట గుణం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎంపికతో పౌరుషం పెంచగలిగినప్పుడు, అదే ఎంపికతో నెమ్మదితనమూ పెంచుకోవచ్చు. పందేనికి కావలసిన పక్షి వేరు, పిల్లలు తిరిగే పెరటికి కావలసిన పక్షి వేరు. జంతువుల్ని ఉసిగొల్పి పోట్లాడించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమన్న సంగతి ఎలాగూ ఉంది. నెమ్మదైన పుంజంటే పిరికిది కాదు. మేత కనబడితే తాను తినకుండా పెట్టల్ని పిలిచేది, పైన గద్ద కనబడితే ఒక కూత, నేల మీద కుక్క వస్తే మరో కూత కూసేది, మనిషి వస్తే పక్కకు తప్పుకునేది. నాలుగో నెల నుంచి రెండు నెలలు కనిపెట్టి చూస్తే ఏది ఏమిటో తెలిసిపోతుంది.

‘రెండు దెబ్బలు వేస్తే అదే లొంగుతుంది’ అంటారు. పుంజు దెబ్బను శిక్ష అనుకోదు, ఎదుటి పుంజు పోట్లాటకు దిగింది అనుకుంటుంది. మనం వెనక్కి ఉరికితే గెలిచాననుకుంటుంది, తంతే రేపు మళ్ళీ వస్తుంది. రెక్క దించి పక్కవాటుగా అడుగులేస్తున్నప్పుడే కదలకుండా నిలబడాలి, లేదా చేతిలో తట్ట అడ్డం పెట్టి నెమ్మదిగా ముందుకు నడవాలి. పుంజుపిల్లను చిన్నప్పటినుంచి ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేస్తే మనిషంటే బెరుకు పోయి, పెద్దయ్యాక మనల్నీ తన వరసలో కలుపుకుంటుంది. పెట్టల్ని ముద్దుచేసుకోండి, పుంజును మేత పెట్టి వదిలేయండి. ఇంత చేసినా పసివాళ్ళ ముఖం మీదికి ఎగిరే పుంజుంటే దాన్ని ఉంచుకోవడం మొండితనం. కాలి ముల్లు కంటికి తగిలితే ఏ పౌరుషమూ ఆ కంటిని తిరిగి తేదు.

‘పండక్కి పుంజుకు మంచి ధర, అప్పటిదాకా ఎందుకు వదులుకోవాలి’ అన్నది న్యాయమైన ప్రశ్న. వదులుకోమని మేము అనడం లేదు. వేరు చేయమంటున్నాం. ఒక ఈడు పుంజుల్ని పెట్టలు కనబడని చోట కలిపి ఉంచితే వాటి మధ్య పోట్లాట బాగా తగ్గుతుంది. పోట్లాటకు మూలం పక్కన లేదు కదా. కాలికి తాడు కట్టి రాటకు వేయడం వేరు చేయడం కాదు. తాడు కాలిని కోస్తుంది, కదలలేని పుంజు కోపం పెంచుకుంటుంది. చోటు లేదనే ఇళ్ళు నాలుగైదు కలిసి ఒకరి దొడ్లో దడి కట్టుకోవచ్చు. అయితే వేర్వేరు ఇళ్ళలో పెరిగిన పుంజుల్ని వయసొచ్చాక ఒకే దడిలో పడేస్తే రక్తం కారుతుంది. మూడో నెల లోపే కలపాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నదీ, కంటికి కనబడనిదీ ఇంకొకటుంది. ఒకే పుంజు, దాని కొడుకు, దాని మనవడు అదే పెరట్లో ఏళ్ళ తరబడి తొక్కుతూ ఉంటే రక్తం దగ్గరపడుతుంది. తండ్రికీ కూతురికీ పుట్టిన పిల్లలో ఏ గుణానికైనా రెండు జన్యు పోగులూ ఒకే మూలం నుంచి వచ్చే అవకాశం నాలుగో వంతు. గుడ్లు పిల్లలు కాకపోవడం, పిల్ల గుడ్డులోనే చావడం, బతికినవి ఎదగకపోవడం ఇలా మొదలవుతాయి. మనం ‘పెట్టకు పొదగడం రాలేదు’ అని సరిపెట్టుకుంటాం. దీనికి ఖర్చులేని మందు పుంజుల మార్పిడి. రెండేళ్ళకోసారి మన నెమ్మదైన పుంజును పొరుగూరికిచ్చి, అక్కడి పుంజును తెచ్చుకోవాలి. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ మంచి కోళ్ళే. మాంసానికీ గుడ్లకూ పెంచుకోండి. కానీ వాటి పుంజును నాటు పెట్టల మీద వదిలితే పుట్టే పెట్టల్లో పొదుగుడు గుణం తగ్గుతుంది. మార్పిడికి నాటు పుంజే కావాలి.

మార్పిడితో కొక్కెర తెగులు వస్తుందన్న భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయలేం. అందుకే టీకా వేయని పుంజును తీసుకోవద్దు, తెగులున్న ఊరి నుంచి అసలే వద్దు. తెచ్చినదాన్ని రెండు వారాలు విడిగా గంప కింద ఉంచి, రెట్ట పచ్చగా ఉందా, మెడ తిరుగుతోందా అని చూశాకే గుంపులో కలపాలి. ఉన్న ఒక్క పుంజునూ కుక్క పట్టుకుపోతే ఎలా అంటారా? పెట్ట కడుపులో పుంజు బీజం సుమారు రెండు వారాలు నిలుస్తుంది. ఈలోగా దడిలోని మరో పుంజును తెచ్చుకోవచ్చు.

కాబట్టి ఊరి మహిళా సంఘాలను మేము అడిగేది ఇంతే. సంక్రాంతికి నెల ముందు జరిగే సమావేశంలో పొదుపు లెక్కతో పాటు పుంజుల లెక్క కూడా రాయండి. ఎవరింట్లో ఎన్ని పెట్టలు, ఎన్ని పుంజులు, ఏ పుంజు ఎవరింటి పిల్ల, అది ఎన్నేళ్ళుగా అదే పెరట్లో ఉంది. పక్క ఊరి సంఘంతో పుంజుల మార్పిడి మాట్లాడుకుని, ఆ నెలలోనే పశువైద్యశాలలో టీకాలు వేయించండి. కనుమ వెళ్ళిన మూడు వారాలకు, ఎండలు ముదరకముందే, గంపలు చేతులు మారాలి.