ఏ బ్రౌజర్‌ను వదిలేస్తే ఎవరిని వదిలేసినట్లు?

సూళ్లూరుపేటలో మిద్దె ఎక్కి తూర్పు దిక్కు చూస్తే శ్రీహరికోట నుండి ఎగిసే రాకెట్టు కంటికి కనిపిస్తుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 నింగికి వెళ్లిన మధ్యాహ్నం మా వీధిలోని మిద్దెలన్నీ జనంతో నిండిపోయాయి. అదే వీధిలోని ఒక అమ్మాయి కిందటేడు ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టబోయి, మూడు రోజులపాటు తెల్లటి తెర ముందు కూర్చుంది. చేతిలో ఉన్నది తండ్రి వాడి ఇచ్చిన పాత ఫోను. పేజీ తెరుచుకునేది, వివరాలు నింపాక బటన్ నొక్కితే కదిలేది కాదు. చివరికి ఇంటర్నెట్ సెంటరుకు వెళితే, అక్కడి విండోస్ 7 కంప్యూటర్‌లో ‘బ్రౌజర్‌ను నవీకరించుకోండి’ అన్న సూచన వచ్చింది. “ఈ మిషన్‌కు ఇంతకంటే కొత్తది రాదమ్మా” అన్నాడు సెంటరు నడిపే కుర్రాడు.

గడువు ముగిసే రోజున నాయుడుపేటలోని బంధువుల ఇంట్లో, వారి కొత్త ఫోనులో ఆ దరఖాస్తు పూర్తయింది. “తప్పు మా ఫోనుదా భాయ్, ఆ సైటుదా?” అని ఆమె తండ్రి నన్ను అడిగాడు. పైకి సాంకేతికంగా కనిపించే ఈ ప్రశ్నలో ఒక హక్కు దాగి ఉంది.

ఫోను పాతబడేది ఎక్కడ?

వెబ్‌సైట్‌ను మనకు చూపించే కిటికీ బ్రౌజర్. ఆ కిటికీని ఎప్పటివరకు బాగుచేయాలో దానిని తయారు చేసిన సంస్థ నిర్ణయిస్తుంది. విండోస్ 7పై పనిచేసే చివరి క్రోమ్ 109వ వెర్షన్, 2023 జనవరిలో వచ్చింది. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకు చివరిది 138వ వెర్షన్. 2025 ఆగస్టు నుండి కొత్త క్రోమ్ కావాలంటే కనీసం ఆండ్రాయిడ్ 10 ఉండాలి. ఆండ్రాయిడ్ 9 విడుదలైనది 2018లో. అంటే ఏడేళ్లు తిరిగేసరికి, చెడిపోకుండా పనిచేస్తున్న ఫోనుకు కూడా కొత్త బ్రౌజర్ రావడం ఆగిపోయింది.

మన ఇళ్లలో ఫోను ప్రయాణం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. పెద్ద కొడుకు వాడింది అమ్మకు, అమ్మ దగ్గర నుండి చదువుకునే చెల్లెలికి చేరుతుంది. ఇంట్లో అందరికంటే పాత ఫోను ఎవరి చేతిలో ఉంటుందో, తరచుగా ఉపకార వేతనమూ పింఛనూ అవసరమైనది వారికే.

సంస్థ కొత్త వెర్షన్ ఇవ్వడం ఆపినంత మాత్రాన పాత బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు పనిచేయకూడదన్న నియమం లేదు. ఆ నిర్ణయం వెబ్‌సైట్‌ను కట్టేవారిది. పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా సంఖ్య రాసి, ఒక ధ్రువపత్రాన్ని జతచేసే దరఖాస్తుకు నిన్నమొన్న పుట్టిన సాంకేతికత అక్కరలేదు. ఇరవై ఏళ్ల క్రితపు సాదా పేజీ కూడా ఆ పని చేయగలిగేది.

లెక్కకు రాని మనుషులు

పాత బ్రౌజర్లను వదిలేయాలా వద్దా అన్నది నిపుణులు సాధారణంగా శాతాలను చూసి తేలుస్తారు. ఒక బ్రౌజర్‌తో వచ్చేవారు నూటికి ఒకరో ఇద్దరో అయితే దానిని పక్కన పెడతారు. చీరలు అమ్మే దుకాణానికి ఈ లెక్క సరిపోతుంది. పోయేది దాని బేరమే, కొనేవారికి పక్క దుకాణం ఉంటుంది. ప్రభుత్వ పోర్టల్‌కు పక్క దుకాణం లేదు. లక్ష మంది దరఖాస్తుదారుల్లో ఒక శాతం అంటే వెయ్యి కుటుంబాలు.

పైగా ఆ శాతమే నమ్మదగినది కాదు. సందర్శకులను లెక్కించే సాధనం చాలా చోట్ల ఆ పేజీలోనే నడిచే ఒక చిన్న ప్రోగ్రాం. పేజీయే సరిగా నడవనప్పుడు ఆ సందర్శకుడు లెక్కలోకి రాడు. ఇక మా వీధి అమ్మాయి సంగతి చూడండి. దరఖాస్తు వెళ్లింది బంధువుల ఫోను నుండి కనుక, లెక్కల్లో ఆమె కొత్త ఫోను ఉన్న విద్యార్థిని. ఆ మూడు రోజుల అవస్థ ఏ పట్టికలోనూ లేదు. ఆ పట్టికను చూసిన అధికారి, పాత ఫోన్లు వాడేవారు ఇప్పుడు లేరని నిజాయితీగానే నమ్ముతాడు.

బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో ఈ సంగతిని పరీక్షించింది. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాం భాగం అందనివారు 1.1 శాతం అని తేలింది. అందులో దానిని ఆపివేసినవారు, లేదా అది పనిచేయని బ్రౌజర్ వాడినవారు 0.2 శాతమే. మిగిలినవారి బ్రౌజర్లు ఆధునికమైనవే అయినా వారికి అది అందలేదు. అందుకే అక్కడి ప్రభుత్వ సేవల్లో సాదా పేజీతోనే ముఖ్యమైన పని పూర్తి కావాలని, హంగులు ఆ పైన చేర్చుకోవాలని నియమం పెట్టుకున్నారు. పాత ఫోను కోసం చేసిన ఏర్పాటు, సిగ్నల్ సరిగా అందని పల్లెలో కొత్త ఫోనుకు కూడా ఉపయోగపడుతుంది.

వక్ఫ్ నేర్పిన పాఠం

ఈ చర్చ మన సమాజానికి ఎంత దగ్గరిదో 2025లో చూశాం. వక్ఫ్ ఆస్తుల వివరాల నమోదుకు ఉమీద్ పోర్టల్ జూన్ 6న ప్రారంభమైంది. ఆరు నెలల గడువు పెట్టారు. పోర్టల్‌లో సాంకేతిక ఇబ్బందులున్నాయని, గడువు పెంచాలని కోరినవారికి డిసెంబర్ 1న సుప్రీంకోర్టు సాధారణ పొడిగింపు ఇవ్వలేదు. చట్టం ప్రకారం ట్రిబ్యునల్‌ను ఆశ్రయించమని చెప్పింది. గడువు ముగిసేనాటికి 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలు కాగా, ఆమోదం పొందినవి 2 లక్షల 16 వేల పైచిలుకు అని కేంద్రం ప్రకటించింది.

ఆ ఇబ్బందులన్నీ బ్రౌజర్ వల్లనే అనడం నా ఉద్దేశం కాదు. మొదలుపెట్టినవారి సంఖ్య ఉంది, ఆమోదం పొందినవారి సంఖ్య ఉంది. పేజీ తెరవలేక వెనుదిరిగిన ముతవల్లుల సంఖ్యకు మాత్రం అక్కడ గడి లేదు. చట్టం గడువు విధించి, వెబ్‌సైట్ ఒక్కటే దారి అన్నప్పుడు, ఆ వెబ్‌సైట్ ఎవరి పరికరంలో తెరుచుకుంటుందన్నది కూడా చట్టమంత బరువైన విషయమే.

2025 ఏప్రిల్ 30న ప్రగ్యా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు బ్యాంకు గుర్తింపు ప్రక్రియలో పడిన అవస్థపై వచ్చిన తీర్పు అది. పాత ఫోను ఉన్న పేదకు కూడా ఆ సూత్రం వర్తించాలి.

భద్రత మాటేమిటి?

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనది కూడా. పాత బ్రౌజర్లలోని లోపాలను ఎవరూ సరిచేయరు. వాటి ద్వారా ఆధార్, బ్యాంకు వివరాలు దొంగల పాలు కావచ్చు. పాతదానికే అంటిపెట్టుకుంటే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. 1999 నాటి డిజిటల్ సంతకాల చట్టం తరువాత అక్కడి బ్యాంకింగ్, ప్రభుత్వ సేవలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని యాక్టివ్‌ఎక్స్ అనే పద్ధతికి ముడిపడ్డాయి. ఏళ్ల తరబడి వేరే బ్రౌజర్ వాడేవారికి దారి లేకుండా పోయింది. ఆ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ స్వస్తి చెప్పింది.

కనుక ప్రతి పాత బ్రౌజర్‌నూ ఎప్పటికీ మోయమని అడగడం న్యాయం కాదు. సురక్షితమైన సంబంధం ఏర్పరచుకోలేని బ్రౌజర్‌ను ఆపవలసిందే. అది చేయగలిగినదానిని మాత్రం, అందం తగ్గినా సరే, పని పూర్తిచేయనివ్వాలి. భద్రత కోసం ఒక తలుపు మూస్తే ఆ సంగతి నెలల ముందే తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. సచివాలయంలో కాగితపు దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వాలి. వేరే దారి ఉన్నదా, గడువు ఉన్నదా అన్న రెండు ప్రశ్నల తరువాతే శాతాల లెక్క రావాలి.

మనం చేయవలసింది

పోర్టల్ ఆగిపోతే తిట్టుకుని వెనుదిరగవద్దు. తెర ఫోటో తీసి తేదీ, సమయం, ఫోను మోడల్, బ్రౌజర్ వెర్షన్ రాసిపెట్టుకోండి. రాష్ట్ర సేవలైతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, కేంద్ర సేవలైతే కేంద్ర ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయండి. ఏయే బ్రౌజర్లలో పరీక్షించారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. లెక్కలో లేనివారు లెక్కలోకి వచ్చే మార్గం ఇదే. విండోస్ 7తోనే నెట్టుకొస్తున్నవారికి ఫైర్‌ఫాక్స్ 115 దీర్ఘకాలిక వెర్షన్ కొంత ఆసరా. దాని గడువును మొజిల్లా పలుమార్లు పొడిగించింది.

మన సంఘాలు, మదర్సాలు, మస్జిద్ కమిటీలు కూడా తమ వెబ్‌సైట్లను ఇదే గీటురాయిపై పరీక్షించుకోవాలి. బరువైన బొమ్మలతో, కదిలే అక్షరాలతో మన సొంత తలుపును మనమే మూసుకుని ప్రభుత్వాన్ని నిలదీస్తే ఆ మాటకు విలువ ఉండదు. కమిటీ సభ్యుల్లో అందరికంటే పాత ఫోను ఎవరిదో వారి చేతికే మొదట ఇచ్చి చూడండి.

ఆ తండ్రికి నేను చెప్పిన సమాధానం ఇదే: “తప్పు మీ ఫోనుది కాదు భాయ్. మీ ఫోను ఇంకా ఉందని సైటు కట్టినవారికి ఎవరూ చెప్పలేదు. మనం చెప్పాలి.”