పేరు చూసి డై కొనరాదు

మా కురవి వైపు పాత తరానికి తుపాకి అంటే భర్మారే. గొట్టం మూతినుండి మందు దట్టించే ఆ తుపాకికి ఇత్తడి గుల్లలూ, వాటిని సరిచేసే డైలూ అక్కరలేదు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడానికి 1959 ఆయుధ చట్టం ఒప్పుకోదు కూడా. అమెరికాలో స్థిరపడిన మిత్రుడొకడు మాత్రం పేల్చిన గుల్లలను తిరిగి నింపుకుంటాడు. అతని రైఫిలు వైల్డ్‌క్యాట్ తూటాది, అనగా ప్రామాణిక కొలతలు లేనిది. పేరు చూసి డై కొనవచ్చునా అని అడిగాడు.

కొనరాదనే నా అభిప్రాయం. .280 అక్లీ ఇంప్రూవ్డ్ కథే చూడండి. 1957లో రెమింగ్టన్ తెచ్చిన .280 గుల్ల భుజాన్ని 40 డిగ్రీలకు మలచిన వైల్డ్‌క్యాట్ అది. దశాబ్దాల తరువాత ప్రామాణికమైనప్పుడు ఛాంబరు కొలత అంగుళంలో వెయ్యింట పద్నాలుగు వంతులు తగ్గింది. పేరు మాత్రం మారలేదు! పాత ఛాంబరుకు కొత్త డైని నిండా బిగించి వాడితే భుజం ప్రతిసారీ వెనక్కి పోతుంది. పేలినప్పుడల్లా గుల్ల సాగి, అడుగు దగ్గర పలుచబడి, ఒకనాడు తెగుతుంది. అదీ కంటికి దగ్గరలోనే.

ఆ ఛాంబరులోనే పేలిన రెండు మూడు గుల్లలను డై చేసేవారికి పంపమన్నాను. ఛాంబరు తొలిచిన రీమరు కొలతల చిత్రం దొరికితే మరీ మంచిది. ఖర్చు ఎక్కువే, ఆలస్యమూ తప్పదు. అంతవరకూ రైఫిలు బీరువాలోనే ఉండనీ.