ఉగ్రవాదమని ఎప్పుడంటారు? కంబాలపల్లి వేసే ప్రశ్న

2000 మార్చి 11న కర్ణాటకలోని అప్పటి కోలారు జిల్లా, చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులు సజీవ దహనమయ్యారు. అంతకు ముందు అగ్రకులానికి చెందిన ఒక వ్యక్తి హత్య జరిగిందనీ, దానికి ప్రతీకారంగా గుంపు దళితుల ఇళ్ళ మీద పడి, లోపలివాళ్ళు బయటికి రాకుండా తలుపులు వేసి నిప్పంటించిందనీ అభియోగం. 2006 డిసెంబరులో కోలారు సెషన్స్ కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. సాక్షులు అడ్డం తిరిగారు. అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు సైతం కోర్టులో తమకేమీ తెలియదన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో దీన్ని మారణకాండ అన్నారు, పత్రికలు కులహింస అన్నాయి. ఉగ్రవాదమని మాత్రం ప్రభుత్వంలో ఎవరూ అనలేదు. అనడానికి అప్పుడు చట్టం కూడా లేదు నిజమే. ఉగ్రవాద నిరోధక చట్టాల్లో టాడాకు 1995లోనే గడువు తీరిపోయింది, పోటా 2002లో గానీ రాలేదు. అయితే చట్టం ఉండి ఉంటే అనేవారా?

ఆ ప్రశ్నకు జవాబు చుండూరులో దొరుకుతుంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో టాడా అమల్లో ఉంది. నక్సలైట్లన్న అనుమానం ఉన్నవాళ్ళ మీదా, వాళ్ళకు అన్నం పెట్టారన్నవాళ్ళ మీదా ధారాళంగా వాడుతున్నారు కూడా. ప్రజల్లో గానీ, ప్రజల్లో ఏ ఒక్క వర్గంలో గానీ భయోత్పాతం పుట్టించాలన్న ఉద్దేశంతో మారణాయుధాలతో చంపడం ఆ చట్టం ప్రకారం ఉగ్రవాద చర్యే. వివిధ వర్గాల మధ్య సామరస్యాన్ని చెడగొట్టే ఉద్దేశాన్ని కూడా ఆ నిర్వచనంలోనే చేర్చారు. అక్షరాల ప్రకారం చూస్తే చుండూరు ఆ నిర్వచనానికి బయట ఉందని చెప్పడం కష్టం. అయినా కేసు హత్యానేరం కింద, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నడిచింది. 2007లో చుండూరులోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. కాబట్టి ఉగ్రవాద ముద్ర పడేదీ లేనిదీ చట్టంలోని మాటలను బట్టి తేలడం లేదు. దెబ్బ ఎవరికి తగిలిందనుకుంటున్నారో దాన్ని బట్టి తేలుతోంది. తనకు తగిలిందని రాజ్యం అనుకుంటే అది ఉగ్రవాదం, ఊళ్ళో ఒకరికొకరు తగిలించుకున్నారనుకుంటే శాంతిభద్రతల సమస్య.

కర్ణాటకలోనే తర్వాత జరిగినవి చూస్తే ఈ కొలబద్ద ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2020 ఆగస్టు 11 రాత్రి బెంగళూరులో ఒక ఫేస్‌బుక్ పోస్టు మీద గొడవ రేగి గుంపులు ఎమ్మెల్యే ఇంటిని తగలబెట్టాయి, డి.జె.హళ్ళి, కె.జి.హళ్ళి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశాయి. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. నిందితుల మీద చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టాన్ని, అంటే అందరూ ఉపా అనేదాన్ని ప్రయోగించారు. మరుసటి నెలలో దర్యాప్తు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ చేతికి వెళ్ళింది. ఆ చట్టం 15వ సెక్షన్ బాంబులు, తుపాకులతో పాటు మండే పదార్థాలనూ పేర్కొంటుంది, ‘ప్రజల్లో ఏదైనా వర్గం’ అన్న మాటనూ అలాగే ఉంచింది. పోలీసు స్టేషన్‌కు అంటిన నిప్పుకూ, దళితుల గుడిసెకు అంటిన నిప్పుకూ ఆ సెక్షన్ తేడా చూపదు. చూపేది దాన్ని ప్రయోగించే అధికారి.

ఇదంతా ఉత్త పేరు గొడవ కాదు. పేరుతోపాటు ఒక పూర్తి యంత్రాంగం దిగుతుంది. ఉపా కింద చార్జిషీటుకు 180 రోజుల దాకా గడువు దొరుకుతుంది. ఆరోపణ పైకి నిజమేననిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదంటుంది 43డి సెక్షన్. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు ఆ దశలో సాక్ష్యాల బరువు తూచనక్కర్లేదనడంతో ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. నిందితుడి వైపు నుంచి చూస్తే ఇది తీర్పుకు ముందే అనుభవించే శిక్ష. బాధితుడి వైపు నుంచి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇదే ఉపాలో 44వ సెక్షన్, ఎన్‌ఐఏ చట్టంలో 17వ సెక్షన్ సాక్షి పేరూ ఊరూ బయటపడకుండా దాచవచ్చంటాయి, విచారణను మూసిన తలుపుల వెనుక జరపవచ్చంటాయి. కంబాలపల్లి సాక్షికి కావలసింది సరిగ్గా అదే. నిందితుల బంధువుల పొలాల్లో కూలికి పోవలసినవాడు, వాళ్ళు నడిచే వీధిలోనే నడవవలసినవాడు ఏళ్ళ తర్వాత బోనెక్కి వేలెత్తి చూపాలని ఆశించాం. రాజ్యం తనకు ముప్పు వచ్చిందనుకున్నప్పుడు సాక్షికి ఇచ్చే గొడుగును, ఊళ్ళోని బలహీనుడికి ముప్పు వచ్చినప్పుడు ఇవ్వలేదు.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఉగ్రవాదానికి రాజకీయ లక్ష్యం ఉండాలి, కంబాలపల్లిది పగ, ఆవేశం అనేది మొదటిది. బ్రిటన్ 2000లో తెచ్చిన చట్టం రాజకీయ, మత, భావజాల ప్రయోజనం ఉండాలని కోరుతుంది. మన 15వ సెక్షన్ అలాంటి షరతేమీ పెట్టలేదు. పైగా ఒకరు చేశారన్న దానికి ఆ వాడంతా మూల్యం చెల్లించాలనడంలో రాజకీయం లేదనడం కళ్ళు మూసుకోవడమే. రెండో అభ్యంతరం బరువైనది. అయితే ప్రతి కులదాడికీ ఉపా పెట్టమంటారా? అననే అనను. 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. భయం పుట్టించిన ప్రతి నేరమూ ఉగ్రవాదం కాదనీ, మామూలు శిక్షాస్మృతితో అణచలేనంత దూరం దాని ప్రభావం పోయినప్పుడే ఆ మాట వాడాలనీ చెప్పింది. ఆ గీతను చెరిపేస్తే ముందు జైలుకు పోయేది ఎవరో టాడా రోజులు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2024 మార్చి 1న బెంగళూరు రామేశ్వరం కేఫ్‌లో బాంబు పేలితే వెంటనే ఉపా పెట్టడాన్ని, రెండు రోజుల్లో ఎన్‌ఐఏ రావడాన్ని నేను తప్పుపట్టను. అక్కడ పేలుడు పదార్థమే సాక్ష్యం. గుంపు, గొడవ, కోపం కలగలిసిన చోట అంత తొందర పనికిరాదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయసంహిత ఈ చిక్కు విప్పిందా అంటే సగమే. 113వ సెక్షన్ ఉగ్రవాద చర్యను మామూలు శిక్షాస్మృతిలోకే తెచ్చింది. కేసు దాని కింద పెట్టాలో, ఉపా కింద పెట్టాలో ఎస్పీకి తగ్గని అధికారి తేల్చాలంది. ఆ నిర్ణయానికి కారణాలు రాతపూర్వకంగా చూపాలని మాత్రం అనలేదు. అదే సంహితలో 103వ సెక్షన్ అయిదుగురో అంతకు మించో కలిసి కులం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణంతో చేసే హత్యకు మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ వేయమంటుంది. కంబాలపల్లి ఈ రోజు జరిగితే అందులోకి వస్తుంది, ఉగ్రవాదమనే పేరుతో పని లేదు. ఇక మిగిలింది సాక్షి. ఎస్సీ, ఎస్టీ చట్టానికి 2015లో చేసిన సవరణ బాధితులకూ సాక్షులకూ రక్షణ హక్కు ఇచ్చింది. 2018లో సుప్రీంకోర్టు సాక్షి రక్షణ పథకాన్ని ఆమోదించింది. ప్రతి రాష్ట్రమూ అలాంటి పథకాన్ని నోటిఫై చేయాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ చెబుతోంది. ఉగ్రవాద కేసులో సాక్షికి దొరికే డబ్బు, పోలీసు కాపలా, మరో ఊళ్ళో తలదాచుకునే వీలు చింతామణి తాలూకా పల్లెలో కులహత్య చూసిన కూలీకి కూడా ఎఫ్‌ఐఆర్ రోజునే అందేలా ఆ పథకాలు రాయడం రాష్ట్ర హోం శాఖల పని.