తాత పారిపోయి వచ్చిన దారి

అమెరికా తొలి ప్రధాన న్యాయమూర్తి జాన్‌ జే మహా భక్తుడు. రాజకీయాలు చాలించుకుని బెడ్‌ఫర్డ్‌లోని పొలానికి చేరాక పొద్దున, రాత్రి ఇంటిల్లిపాదీ ప్రార్థనకు కూర్చోవాల్సిందే. 1821లో అమెరికన్‌ బైబిల్‌ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు.

ఆ విశ్వాసం వెనుక ఓ పాత గాయం ఉంది. జే తాత ఆగస్టస్‌ ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంటు. అక్కడి క్యాథలిక్‌ రాజు పద్నాలుగో లూయీ 1685లో ప్రొటెస్టెంట్ల హక్కులు రద్దు చేశాడు. ఆస్తులు పోయి ఆ కుటుంబం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆగస్టస్‌ న్యూయార్క్‌ చేరాడు.

అలాంటి ఇంట్లో పుట్టినవాడు ఇంకొకరి మతం జోలికి పోడనుకుంటాం. జే పోయాడు! 1777లో న్యూయార్క్‌ రాజ్యాంగం రాస్తున్నప్పుడు, పోపు అధికారాన్ని కాదని ప్రమాణం చేస్తేనే క్యాథలిక్కులకు హక్కులివ్వాలని పట్టుబట్టాడు. సభ ఒప్పుకోలేదు. చివరికి, పౌరసత్వం కోరి వచ్చే విదేశీయులు మతపరంగానూ పరాయి విధేయత వదులుకోవాలన్న షరతు మాత్రం పెట్టించగలిగాడు. తాత దెబ్బ మనవడికి ఇంకా సలుపుతూనే ఉందన్నమాట.

బానిసల విషయంలోనూ ఇదే పేచీ. 1785లో బానిసల విముక్తి కోసం పెట్టిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. బానిసత్వాన్ని దశలవారీగా ఎత్తేసే చట్టంపై 1799లో గవర్నరుగా సంతకం పెట్టాడు. మరి సొంతింట్లో? బానిసల్ని కొనేవాడు. పెట్టిన డబ్బుకు తగినంత పని జరిగిందనిపించాక విడిచిపెట్టేవాడు.

జే 1829లో చనిపోయాడు. అంత్యక్రియల్లో కండువాలు, ఉంగరాలు పంచడం అప్పటి ఆనవాయితీ. అవేవీ వద్దని, బదులుగా ఊళ్లో ఒక పేద వితంతువుకో అనాథకో 200 డాలర్లు ఇవ్వాలని వీలునామాలో రాశాడు. ఎవరికివ్వాలో పిల్లలకే వదిలేశాడు.