తాష్కెంట్ ఎంత దూరం?

దేశ రాజధానికి చెన్నై కంటే తాష్కెంట్ దగ్గర అంటే పాఠకులు నమ్మకపోవచ్చు. సూటిగా కొలిస్తే ఢిల్లీ నుంచి చెన్నై సుమారు 1,760 కిలోమీటర్లు; తాష్కెంట్ 1,600 లోపే. విమానంలో మూడు గంటల ప్రయాణం. అయినప్పటికీ 2025 ఏప్రిల్ చివరి వారంలో ఇండిగో సంస్థ తాష్కెంట్, ఆల్మాటీ సర్వీసులను నిలిపివేసింది. చుట్టుదారిన అంతదూరం పోగల విమానాలు తన వద్ద లేవని ఆ సంస్థ చెప్పిన కారణం.

పహల్గాం హత్యాకాండ దరిమిలా భారత ప్రభుత్వం తీసుకున్న చర్యలకు ప్రతిగా పాకిస్తాన్ ఏప్రిల్ 24న మన విమానాలకు తన గగనతలాన్ని మూసివేసింది. 30న మనమూ మూసివేశాం. నిషేధం భారతీయ విమానాలకే గనుక విదేశీ సంస్థల విమానాలకు అది వర్తించలేదు. మన ప్రయాణికుడు వాటి టిక్కెట్టు కొనుక్కోవలసి వచ్చింది.

ఈ ఆయుధాన్ని ఉపఖండంలో మొదట సమర్థంగా ప్రయోగించింది మనమేనన్నది మరువరాదు. 1971 జనవరి 30న ‘గంగ’ విమానాన్ని లాహోరుకు దారిమళ్లించి, తర్వాత దగ్ధం చేశారు. ఫిబ్రవరి 4న శ్రీమతి గాంధీ ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలకు భారత గగనతలాన్ని నిషేధించింది. కరాచీ నుంచి ఢాకాకు సూటిగా సుమారు 2,370 కిలోమీటర్లు. కొలంబో మీదుగా తిరిగేసరికి ఆ దూరం ఇంచుమించు రెట్టింపయింది. తూర్పు బెంగాలుకు సైన్యాన్ని తరలించే పాలకులకు అది పెద్ద ప్రతిబంధకమే అయింది. దానికొక రాజకీయ ప్రయోజనం కనిపించింది. పాకిస్తాన్ ఆ వివాదాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు తీసుకుపోగా, ఆ సంస్థ విచారణాధికారాన్ని మనం హేగ్ న్యాయస్థానంలో సవాలు చేసి 1972లో ఓడిపోయాం. రాకపోకలు తిరిగి మొదలు కావడానికి 1976 దాకా పట్టింది.

నేటి మూసివేతలకు అటువంటి ప్రయోజనం ఏమున్నదో నాకు బోధపడదు. తన గగనతలంపై ప్రతి దేశానికీ సర్వాధికారం ఉన్నదని 1944 నాటి షికాగో ఒడంబడిక మొదటి అధికరణమే చెబుతున్నది. హక్కును గురించి పేచీ లేదు. హంతకులను శిక్షించాలనడంలోనూ భేదాభిప్రాయం లేదు. కాని తాష్కెంట్ విమానం ఆగిపోతే ఏ ఉగ్రవాదికి నష్టం? ఆ దారిన పోయే విమానాలు చెల్లించే రుసుము పాకిస్తాన్ ఖజానాకు రాకుండా పోయింది. మన సంస్థలకు ఇంధనం ఖర్చు పెరిగింది.

బాలాకోట్ దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 27 నుంచి జులై 16 వరకు ఇదే జరిగింది. జులై 2 నాటికి ఎయిర్ ఇండియా నష్టం 491 కోట్ల రూపాయలని మంత్రి రాజ్యసభకు తెలిపారు. అది అప్పుడు ప్రభుత్వ సంస్థ గనుక నష్టాన్ని పన్ను చెల్లించేవారు మోశారు. 2022లో అది టాటాల పరమైంది. ఇక ఆ భారం టిక్కెట్టు ధరలోనికి చేరక తప్పదు. వైద్యవిద్య కోసం మధ్య ఆసియాకు పోయే మన తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులు కూడా దానిని మోయవలసినవారే.

1965 యుద్ధం తర్వాత శాస్త్రి, అయూబ్‌ఖాన్‌లు 1966 జనవరి 10న సంతకాలు చేసింది ఈ తాష్కెంట్‌లోనే. రాకపోకల పునరుద్ధరణ ఆ ప్రకటనలో ఒక అంశం. ఉభయ ప్రభుత్వాల మధ్య మళ్లీ సంభాషణ అంటూ మొదలైతే పౌర విమానాల దారి మొదటి అంశం కావాలి. అంతవరకు, 2019లో వలె విమాన సంస్థల నష్టం ఒక్కటే చెప్పి ఊరుకోక, ప్రయాణికుడు చెల్లించిన అదనపు చార్జీని సైతం మంత్రి సభ ముందుంచాలి.