మూగవోయిన హెడ్‌ఫోను ఏం నేర్పుతుంది?



తీగలేని హెడ్‌ఫోను చెవికి పెట్టుకున్నారు. ఫోనులో పాట పెట్టారు. తెర మీద పాట నడుస్తూనే వుంది. చెవిలో మాత్రం చప్పుడు లేదు. అప్పుడు మీరేం చేస్తారు?

ఈ ప్రశ్న బడిలో ఎప్పుడు అడిగినా నాకు దాదాపు ఒకే రకం జవాబులు వస్తాయి. "రెండు తట్టులు తడతాం" అని కొందరు. "ఆపి మళ్ళీ వేస్తాం" అని కొందరు. "రీసెట్ కొడతాం సార్" అని ఎక్కువమంది. "కొత్తది కొంటాం" అనేవాళ్ళూ లేకపోలేదు. కాని "శబ్దం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూస్తాం" అనేవాళ్ళు చాలా అరుదు. సైన్సు చదువుతున్న పిల్లలు మొదట చెప్పవలసిన జవాబు అదే కదా!

నా అభిప్రాయం ముందే చెబుతాను. రీసెట్ మీటను చివర నొక్కాలి, మొదట కాదు. లోపం ఎక్కడుందో కనుక్కున్న తరువాతే దాన్ని సరిచెయ్యాలి. ఈ అలవాటు నేర్పడానికి మూగవోయిన హెడ్‌ఫోను కంటే చవకైన ప్రయోగశాల మరొకటి లేదు.

ముందుగా శబ్దం నడిచే దారి చూద్దాం. ఫోనులో పాట అంకెల రూపంలో వుంటుంది. ఇది మొదటి మెట్టు. ఆ పాటను ఎంత బిగ్గరగా పంపాలో ఫోను చూసుకుంటుంది. ఇది రెండవది. ఫోను సొంత స్పీకరుకు పంపాలా, హెడ్‌ఫోనుకు పంపాలా అన్న నిర్ణయం మూడవది. ఫోను లోపలి చిన్న రేడియో ఆ అంకెలను తరంగాలుగా మార్చి గాలిలోకి వదలడం నాలుగవది. హెడ్‌ఫోను లోని రేడియో వాటిని పట్టుకోవడం అయిదవది. ఆ అంకెలను తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చడం ఆరవది. ఏంప్లిఫయరు దానికి బలమివ్వడం ఏడవది. ఇక ఎనిమిదవది స్పీకరు. అయస్కాంతం దగ్గర వున్న సన్నని రాగి చుట్టలో విద్యుత్తు పారితే చుట్ట కదులుతుంది, దానికి అంటుకున్న పలుచని పొర అదురుతుంది, గాలి అదురుతుంది, మీకు పాట వినబడుతుంది. విద్యుత్తు పారే తీగ దగ్గర అయస్కాంత సూచి కదులుతుందని 1820లో అయిర్‌స్టెడ్ కనుక్కున్నాడని మీరు చదువుకుంటారు. ఆ సత్యమే మీ చెవిలో పాట పాడుతోందన్న మాట!

నాలుగు, అయిదు మెట్ల మధ్య వున్న తీగలేని వంతెనకే బ్లూటూత్ అని పేరు. స్వీడన్ దేశపు ఎరిక్సన్ కంపెనీ ఇంజనీర్లు 1994లో దీని పని మొదలుపెట్టారు. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, ఐ.బి.ఎం., నోకియా, తోషిబా కలసి దీనికోసం ఒక సంఘంగా ఏర్పడ్డాయి. మన హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనదీ ఆ సంవత్సరమే. పదవ శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరే దీనికి పెట్టారు.

బ్లూటూత్ తరంగాలు 2402 నుండి 2480 మెగాహెర్ట్జుల మధ్య వుంటాయి. పాటలు పంపే బ్లూటూత్ ఈ వెడల్పును 79 దారులుగా పంచుకుని, సెకనుకు 1600 సార్లు దారి మారుతుంది. ఎందుకు? వైఫై యంత్రాలు, మైక్రోవేవ్ పొయ్యిలు కూడా ఈ వీధిలోనే తిరుగుతాయి. ఒక దారిలో అడ్డు తగిలినా మరో దారిలో కబురు చేరుతుంది. ఈ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. నీరు దీన్ని బాగా పీల్చుకుంటుంది. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. అందుకే ఫోను వెనుక జేబులో పెట్టుకుని మైదానంలో నడిస్తే పాట తెగి తెగి వస్తుంది. గదిలోనైతే గోడలు తరంగాలను తిప్పికొట్టి చెవికి చేరుస్తాయి. కాని గమనించండి, ఈ కారణంతో పాట తెగుతుంది గాని, ఫోను పక్కనే వుండగా పూర్తిగా ఆగిపోవడం అరుదు. తెగడం వేరు, ఆగడం వేరు. రోగం తెలియాలంటే లక్షణం సరిగా చూడాలి.

సరే, ఎనిమిది మెట్లున్నాయి. లోపం ఒకచోటే వుందనుకుందాం. మొదటి మెట్టు నుండి ఒక్కొక్కటే చూస్తూపోతే ఏడుసార్లు పరీక్షించవలసి రావచ్చు. అలా కాక మధ్యలో పరీక్షిస్తే? ఒక్క పరీక్షతో సగం మెట్లు నిర్దోషులని తేలిపోతాయి. మిగిలిన నాలుగింటిని మళ్ళీ సగం చేస్తే రెండు. ఇంకోసారి చేస్తే ఒకటి. మూడు పరీక్షలతో దొంగ దొరికాడు! పదహారు మెట్లుంటే నాలుగు పరీక్షలు చాలు. లెక్కల మాష్టారిని అడిగితే ఇందులోని రెండు ఘాతాల సంగతి ఆయన ఇంకా బాగా చెబుతారు.

ఇప్పుడు పరీక్షలు మొదలుపెడదాం. ముందుగా ఫోనులో శబ్దాన్ని సగానికి తగ్గించండి. పాట రావడం లేదని శబ్దాన్ని పూర్తిగా పెంచి, చెవికి పెట్టుకుని మీటలు నొక్కుతుంటే, లోపం హఠాత్తుగా తొలగి చెవి అదిరిపోతుంది. శబ్దమాపకం 80 డెసిబెల్స్ చూపే ధ్వనిని పెద్దవాళ్ళయినా వారానికి 40 గంటలు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల చెవులకు ఆ హద్దు ఇంకా తక్కువ.

మొదటి పరీక్ష. హెడ్‌ఫోనును ఆపి మళ్ళీ వేసి చెవికి పెట్టుకోండి. చాలా హెడ్‌ఫోనులు వేయగానే "టింగ్" అని గాని, ఒక మాట గాని వినిపిస్తాయి. అది వినబడిందా? అయితే బ్యాటరీ, ఏంప్లిఫయరు, స్పీకరు, వాటి ముందున్న భాగం అన్నీ బాగున్నట్లే. ఆ చిన్న "టింగ్" ఎంత పెద్ద సంగతి చెప్పిందో చూశారా! దాన్ని రోజూ వింటాం, కాని దాని మాట వినం. అది వినబడకపోతే బ్యాటరీ మీదా, స్పీకరు మీదా అనుమానపడాలి. ఛార్జింగ్ పెట్టి దీపం వెలుగుతుందేమో చూడాలి. స్పీకరు ముందున్న జల్లెడలో చెవి గుమిలి పేరుకుందేమో వెలుతురులో చూడాలి. పొడి మెత్తని కుంచెతో తుడవాలి గాని సూదితో పొడవరాదు.

రెండవ పరీక్ష. ఫోనులో బ్లూటూత్ ఆపి, అదే పాటను ఫోను స్పీకరులో వినండి. వినబడితే పాట మంచిదే. వినబడకపోతే హెడ్‌ఫోనును నిందించి లాభం లేదు.

మూడవ పరీక్ష. అదే హెడ్‌ఫోనును ఇంట్లో మరో ఫోనుకు కలపండి. ఇలా చేసేటప్పుడు మొదటి ఫోనులో బ్లూటూత్ ఆపి వుంచాలి. లేకపోతే హెడ్‌ఫోను పాత స్నేహితుడినే పట్టుకుని కూర్చోవచ్చు. రెండో ఫోనుతో పాట వచ్చిందంటే హెడ్‌ఫోను మంచిదే, లోపం మొదటి ఫోనులోనో దాని అమరికలోనో వుంది. రాలేదంటే అనుమానం హెడ్‌ఫోను మీదికి మళ్ళుతుంది. ఒక్కటి మార్చి, మిగిలినవన్నీ అలాగే వుంచాం, గమనించారా? మొక్కకు నీరు, ఎండ, ఎరువు మూడూ ఒకేసారి మార్చి "దేనివల్ల ఏపుగా పెరిగింది?" అని అడిగితే ఎవరు చెప్పగలరు?

లోపం ఫోను వైపు వుందని తేలితే సాధారణంగా కనబడే కారణాలు కొన్నే. "జత కలిసింది" అన్నంత మాత్రాన ఇప్పుడు కలిసి వుందని కాదు. పెళ్ళికి పిలిచినవారంతా పందిట్లో వున్నట్లు కాదు కదా! హెడ్‌ఫోను అక్క ఫోనుకో, కంప్యూటరుకో కలిసి వుండవచ్చు. మాటలు వినబడి పాటలు వినబడకపోతే మరో సంగతి. ఫోను సంభాషణకు ఒక ఏర్పాటు, సంగీతానికి మరొక ఏర్పాటు బ్లూటూత్‌లో విడివిడిగా వుంటాయి. ఫోనులో ఆ హెడ్‌ఫోను పేరు పక్కనున్న అమరికలు తెరిస్తే, మీడియా ఆడియో అన్న మీట ఆపి వుండవచ్చు. ఒక చెవిలోనే వస్తుంటే, కుడి ఎడమల సమతూకం చూపే గీత ఒక పక్కకు జరిగి వుందేమో చూడాలి. ఇవన్నీ అయ్యాకనే జత తెంచి మళ్ళీ కలపడం, ఆ తరువాత రీసెట్.

"సార్, రీసెట్ చేస్తే చాలాసార్లు పాట వచ్చేస్తుంది కదా, ఇంత తతంగమెందుకు?" అని మీరడగవచ్చు. నిజమే, వస్తుంది. రీసెట్ కొడితే పాత జతల జ్ఞాపకం చెరిగిపోతుంది, లోపలి చిప్ కొత్తగా మొదలవుతుంది, అమరికలు మొదటికి వస్తాయి. ఇన్ని మార్పులలో ఏది మందుగా పనిచేసిందో మీకు తెలియదు. అక్క ఫోనుకు కలిసి వుండడమే అసలు కారణమైతే, రేపు అక్క ఇంటికి రాగానే మళ్ళీ మూగబోతుంది. మీరు మళ్ళీ రీసెట్ కొడతారు. మూడోసారి విసుగుపుట్టి "ఇది పాడైపోయింది" అంటారు. మంచి వస్తువు చెత్తబుట్ట చేరుతుంది. పాట రావడం ఒక ఎత్తు, ఎందుకు వచ్చిందో తెలియడం మరో ఎత్తు. రెండోదే సైన్సు.

ఈ విద్య మనకు కొత్తది కాదు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో మోటారు తిరగకపోతే అనుభవమున్న ఎలక్ట్రీషియన్ ఏం చేస్తాడో చూడండి. మోటారు విప్పడు. ముందు టెస్టరుతో కరెంటు వస్తోందా చూస్తాడు. తరువాత ఫ్యూజు, ఆ తరువాత స్టార్టరు. అవన్నీ బాగుంటేనే వైండింగు మీద చెయ్యి వేస్తాడు. మీలో చాలామంది ఇళ్ళల్లో నాన్నో, బాబాయో, మామయ్యో ఈ పని చేసేవారే. వారిని ఒకసారి అడిగి చూడండి. పుస్తకంలో "పరికల్పన, పరీక్ష, నిర్ధారణ" అని మీరు కంఠస్థం చేసేదాన్ని వారు రోజూ చేతులతో చేస్తున్నారని తెలుస్తుంది.

మరి బడిలో మనం ఏం చేస్తున్నాం? జవాబు ముందే తెలిసిన ప్రయోగాలు చేయిస్తున్నాం. ఓమ్ నియమం నిరూపించమంటే, పిల్లవాడు ముందుగా జవాబు రాసుకుని, దానికి తగిన కొలతలు వెనుక నుండి నింపుకుంటున్నాడు. దీనికి పిల్లలను తప్పుపట్టను. జవాబు తెలిసిన చోట వెతకవలసిన పనేముంది? మూగవోయిన హెడ్‌ఫోను విషయం వేరు. దాని జవాబు ఉపాధ్యాయుడికీ తెలియదు. అందరూ కలసి వెతకాలి. అందుకే నెలకు ఒక పీరియడు "లోపం వెతికే పీరియడు"గా ప్రతి ఉన్నత పాఠశాలలో పెట్టాలని నా కోరిక. పిల్లలు ఇంట్లో పలకని, వెలగని చిన్న వస్తువులు తేవాలి. గోడ కరెంటుతో నడిచేవి మాత్రం వద్దు. ఏం అనుమానించారు, ఏది మార్చారు, ఏం జరిగింది అని నోటు పుస్తకంలో రాయాలి. బాగుపడకపోయినా సరే, లోపం ఎక్కడుందో సరిగా చెప్పినవారికి పూర్తి మార్కులు!

"కొన్ని వందలకు కొత్తది వస్తుంటే ఈ శ్రమ దండగ" అనేవారున్నారు. ఆ చిన్న వస్తువులో ఏముందో వారు ఆలోచించాలి. గనిలోనుండి తవ్విన రాగి, నియోడిమియం కలిసిన అయస్కాంతం, లిథియం బ్యాటరీ వున్నాయి. చెత్తలో పడి నలిగితే ఆ బ్యాటరీ మండవచ్చు. కర్మాగారాల వ్యర్థాలు నేలనూ నీటినీ ఏం చేస్తాయో జీడిమెట్ల వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 1980ల చివరలోనే ఇక్కడ మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టవలసి వచ్చింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల గురించి కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చాయి. నిజంగా చచ్చిపోయిన హెడ్‌ఫోనును అలాంటి వ్యర్థాలు సేకరించే చోటే ఇవ్వాలి. ఉబ్బిన బ్యాటరీని విప్పరాదు, గుచ్చరాదు, ఛార్జింగ్ పెట్టరాదు. అక్కడ మన వెతుకులాట ఆగాలి, పెద్దలకు చెప్పాలి.

మన నగరానికి దక్షిణాన కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ సంస్థ కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. తీగలేని ఇయర్‌ఫోనుల తయారీకి సంబంధించి దాని పేరు పత్రికలలో వచ్చింది. అలాంటి చోట్ల రేపు మీలో కొందరు పనిచేస్తారు. బిగించే చేతులు కావాలి, సరే. కాని ఎందుకు పలకలేదో కనిపెట్టే బుర్రలకు ఇంకా ఎక్కువ గిరాకీ వుంటుంది.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుని విధి అని 1976లో చేసిన సవరణ ద్వారా మన రాజ్యాంగంలో చేర్చారు. అంత పెద్ద మాట ఆచరణలో ఎలా వుంటుంది? తట్టకుండా, తిట్టకుండా, పారెయ్యకుండా, "ఎక్కడిదాకా వచ్చి ఆగింది?" అని అడగడంలా వుంటుంది. ఆ ప్రశ్న హెడ్‌ఫోనుకే కాదు, వెలగని వీధిదీపానికీ, నీరు రాని కుళాయికీ, అర్థంకాని లెక్కకూ పనికివస్తుంది. ఈ నెలలో మీ ఇంట్లో మూగవోయిన వస్తువు ఏదైనా కనబడితే, రీసెట్ నొక్కే ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి. దారి గీయండి. మధ్యలో వేలు పెట్టి అక్కడ మొదటి పరీక్ష చెయ్యండి.