బస్టాండ్‌కు లేని ఎర్ర గుర్తు బస్తీకి ఎందుకు? మూసీ ఒడ్డు మారుతున్న తీరు

2025 సెప్టెంబర్ 26 రాత్రి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. మూసీ నీళ్లు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చాయి. పండుగకు ఊరికి బయలుదేరిన జనం మూటలతో, పిల్లలతో బస్టాండ్‌లోనే చిక్కుకుపోయారు. అదే నీరు చాదర్‌ఘాట్ వైపు మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లోకీ వెళ్లింది.

సరిగ్గా ఏడాది ముందు ఆ బస్తీల గోడల మీద అధికారులు ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి వెళ్లారు. నది గర్భంలో ఉన్న ఇల్లు, తీసేయాల్సిన ఇల్లు అని దాని అర్థం. 2024 అక్టోబర్ మొదట్లోనే ఖాళీ చేసిన ఇళ్లను కూల్చడం మొదలైంది. మరి 1994లో నది రెండు పాయల మధ్య ఇమ్లీబన్‌లో బస్టాండ్ కట్టిందెవరు? ప్రభుత్వమే. వరద రెండింటినీ ఒకే రకంగా ముంచింది. ఎర్ర గుర్తు మాత్రం బస్తీ గోడల మీదే పడింది.

మూసీని పర్యాటక కేంద్రంగా మారుస్తామంటున్న ఈ కాలంలో మేము అడుగుతున్న ప్రశ్న ఇదే. నది బాగుపడాలా వద్దా అన్నది వివాదం కాదు. బాగుపడిన ఒడ్డున ఎవరు ఉంటారన్నదే అసలు వివాదం.

ఒడ్డు ఇదివరకూ మారింది

అయిదో నిజాం అఫ్జల్-ఉద్-దౌలా పేరు మీద ఏర్పడిన ధాన్యం మార్కెట్ అఫ్జల్‌గంజ్. 1908 సెప్టెంబర్ 28 వరదలో ఈ ప్రాంతం కొట్టుకుపోయింది. ఇక్కడున్న ఆసుపత్రి కూలింది. నగరంలో పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నవారి కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడలను తీసేసి రోడ్లు, ఇళ్లు వేసింది. ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. 1936లో ఆసఫియా గ్రంథాలయం, అంటే నేటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అఫ్జల్‌గంజ్ భవనంలోకి మారింది. ఆ కాలపు ఫొటోల్లో మూసీ ఒడ్డు షికారుకు పోదగ్గ చోటు.

ఆ కాలంలోనే ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టి, అంటరానివారికి బడులు నడపాల్సి వచ్చింది. ఒడ్డున లేచిన ఆ మహా భవనాలకు రాళ్లు మోసినవాళ్లూ, వాటిని ఊడ్చినవాళ్లూ ఆ ఫొటోల్లో కనిపించరు.

తర్వాత నగరం తన మురుగునంతా నదిలోకి వదిలింది. కంపు కొట్టే ఒడ్డు డబ్బున్నవాళ్లకు అక్కర్లేకుండా పోయింది. అప్పుడు అక్కడికి చేరినవాళ్లు బేగంబజార్, ఉస్మాన్‌గంజ్‌లలో మూటలు మోసే హమాలీలు, పారిశుధ్య కార్మికులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, తోపుడు బండ్లవాళ్లు. దళితులు, వెనుకబడిన కులాలు, పేద ముస్లింలు పక్కపక్కనే గోడలు కట్టుకున్నారు. నగరానికి పనికిరాని నేల మీద, నగరానికి పనికొచ్చే మనుషులు బతికారు. ఇప్పుడు ఆ నేలకు మళ్లీ ధర వస్తోంది.

పర్యాటకం వస్తే ఏం జరుగుతుంది?

నీళ్లున్న ప్రతి చోటా ఇదే దారి. విశాఖ రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2023లో అదే తీరానికి ఇరవై రూపాయల ప్రవేశ రుసుం పెట్టబోయి, వ్యతిరేకత రావడంతో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పక్కనే కొండను తొలిచి కట్టిన భవనాలను జనం చూడగలిగింది 2024 ఎన్నికల తర్వాతే. సముద్రం అందరిదే. దాని ఒడ్డుకు మాత్రం గేటు వస్తుంది.

మూసీకి నమూనాగా మన పాలకులు చూసొచ్చిన సియోల్ చియోంగ్యెచియోన్ కాలువ కథ కూడా పూర్తిగా తెలుసుకోవాలి. 2005లో తెరిచిన ఆ ఆరు కిలోమీటర్ల వాగు అందంగా ఉంది. అందులో పారే నీటిని ఎక్కువగా పంపులతో తెచ్చి పోస్తారు. అక్కడి వీధి వ్యాపారులను ముందు ఒక స్టేడియంలోకి, తర్వాత మరో చోటికి నెట్టారు. అహ్మదాబాద్ సబర్మతి ఒడ్డు నుంచి వేల కుటుంబాలు ఊరి అంచులకు వెళ్లాయి. ఇల్లు దొరికినా పని దూరమైంది, పిల్లల బడి దూరమైంది.

సబర్మతి నుంచే ఇంకో పాఠం కూడా ఉంది. అక్కడి ఆదివారం సంత, గుజారీ బజార్, వ్యాపారులు సంఘంగా నిలబడి కోర్టుకెక్కారు. 2014లో అదే నది ఒడ్డున వాళ్లకు కొత్త మార్కెట్ తెరుచుకుంది. పురానాపూల్ దగ్గర గురువారం పాత సామాన్లు అమ్ముకునే మన జుమ్మేరాత్ బజార్‌వాళ్లకు ఈ సంగతి తెలియాలి.

అఫ్జల్‌గంజ్‌లో పోయేది ఏమిటి?

యాభై అయిదు కిలోమీటర్ల మూసీ పథకంలో పది వేలకు పైగా కట్టడాలు ఉన్నాయని 2024లో అధికారులే చెప్పారు. వెళ్లేవాళ్లకు డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇస్తామన్నారు, కొందరికి ఇచ్చారు. పక్కా ఇల్లు చిన్న విషయం కాదు. వరదలో ఉండిపొమ్మని మేమూ ఎవరికీ చెప్పం. కానీ తెల్లవారుజామున లారీ దిగే సరుకు కోసం గంజ్‌కు నడిచి వచ్చే హమాలీకి ఇల్లంటే నాలుగు గోడలే కాదు, గంజ్‌కు ఉన్న దూరం కూడా.

గోడ మీద గుర్తు పడనివాళ్లకూ నష్టముంది. ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. 2020లో వార్డుల్లోకి నీళ్లొచ్చిన ఆసుపత్రికి కొత్త భవనం కావాల్సిందే. అయితే పాత ఆసుపత్రి చుట్టూ చాయ్ బండి, ఇడ్లీ బండి, పండ్ల గంప పెట్టుకున్నవాళ్లు ఏ జాబితాలో ఉన్నారు? 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వ్యాపారులకు చోటుండాలి.

ఇక నదిని శుభ్రం చేసే పని. మురుగును మళ్లించే పైపులు, మ్యాన్‌హోళ్లు పెరుగుతాయి. వాటిలోకి దిగేదెవరో మనకు తెలుసు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మనిషిని దించకూడదని 2013 చట్టం వచ్చి అప్పటికే ఎనిమిదేళ్లు. నదిని కడిగే పని మనవాళ్లది, కడిగిన నది ఒడ్డున కాఫీ తాగే హక్కు ఇంకొకరిది అయితే దాన్ని అభివృద్ధి అనలేం.

ఏం అడగాలి?

రాష్ట్రం 2024లో ఇంటింటి కులసర్వే చేసింది. కాబట్టి లెక్క తీయడం రాదని ఎవరూ చెప్పలేరు. మూసీ నుంచి కదిలించిన, కదిలించబోయే కుటుంబాల జాబితాను కులం, వృత్తి, అద్దె ఇల్లా సొంత ఇల్లా అన్న వివరాలతో పెట్టమని అడగాలి. పేర్లు అక్కర్లేదు, లెక్కలు చాలు. అద్దెకున్నవాళ్లకు ఏమిచ్చారో, ఇచ్చిన ఇల్లు పాత పనికి ఎన్ని కిలోమీటర్లో అందులో ఉండాలి. నది గర్భం కొలత బస్తీకీ, బస్టాండ్‌కూ, పెద్ద భవనాలకూ ఒకటే కావాలి. కొత్త ఒడ్డున వచ్చే దుకాణాల్లో పాత ఒడ్డువాళ్ల వాటా ముందే రాతలో ఉండాలి.

స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతున్న మిత్రులకు ఒక మాట. మీరు పల్లెల నుంచి దిగింది ఆ బస్టాండ్‌లోనే, మధ్యాహ్నం తినేది ఆ బండ్ల దగ్గరే. సమాచార హక్కు చట్టం మీకు సిలబస్‌లో పాఠం. మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్‌కు ఒకటి, జీహెచ్‌ఎంసీకి ఒకటి, పై ప్రశ్నలతో రెండు దరఖాస్తులు రాయండి. జవాబు వచ్చాక దాన్ని బస్తీలో చదివి వినిపిద్దాం.